ఒకే రాయి, రెండు తూకాలు

మనిషి సంగతి తెలియాలంటే అతనితో నాలుగు రోజులు ప్రయాణం చెయ్యాలంటారు. తిరిగి తిరిగి కాళ్లరిగినవాళ్లెవరూ దీన్ని కాదనరు. మందుల ఫ్యాక్టరీ వాళ్లకి మాత్రం అంత తీరిక లేదు. నూట ఇరవై ప్రశ్నల కాగితం చాలనుకున్నారు.

ఆ కాగితమే తూకాలక్క కొంప ముంచింది. పంతొమ్మిదేళ్లుగా ఆవిడ పని ఒక్కటే. పొద్దున్నే ప్రతి కాటా మీదా కిలో ఇత్తడి రాయి మూడుసార్లు పెట్టి చూడటం. మూడూ ఒకేలా రాకపోతే ఎర్రచీటీ కట్టడం. చీటీ పడ్డ కాటాని మేనేజరైనా ముట్టడానికి వీల్లేదు.

"తొందరపాటు మనిషి, నిలకడ తక్కువ అని వచ్చిందమ్మా. సోమవారం నుంచి అట్టపెట్టెలు కట్టే వైపు వెళ్లండి," అన్నాడు సిబ్బంది ఆఫీసరు. ఆవిడ కొడుకు వయసువాడు.

అక్కకి వెంటనే గుర్తొచ్చింది. పరీక్ష రోజు పొద్దున ఆడపడుచుతో పెద్ద రభస. ఆ చిరాకులో ఏదో గీకి పారేసింది. చెబితే సాకంటాడు.

"బాబూ, ఆ కాగితమే మళ్లీ ఇవ్వు."

"ఎందుకమ్మా? వారంలో మనిషి మారిపోతాడా?"

"మారడు కదా. అందుకే ఇవ్వమంటున్నా."

అతని ఎదుటే కూర్చుంది. 'నలుగురిలో ముందుగా మీరే మాట కలుపుతారా?' ఏ నలుగురు? బస్సులోనైతే కలుపుతుంది, ఆడపడుచు ఇంట్లోనైతే నోరు కుట్టేసుకుంటుంది. ఏది రాస్తే గట్టెక్కుతుందో తెలుస్తూనే ఉంది. కలం అటు వెళ్లింది. చటుక్కున ఆపింది. అది కాటా మీద వేలు ఆనించి తూచడమే! ఒక్కో ప్రశ్న దగ్గరా ఆగి, ఉన్నదున్నట్టే రాసింది.

ఆఫీసరు జవాబులు కంప్యూటర్లో కొట్టి, తెర మీద వచ్చింది చదివాడు.

"అతి జాగ్రత్త మనిషి. నిర్ణయానికి చాలా సమయం పడుతుంది... ఇందులో ఏది నిజమమ్మా?"

"నన్నడుగుతావేం నాయనా? రాయి అదే. నీ కాటాయే రెండు లెక్కలు చెబుతోంది."

"పెద్ద పెద్ద కంపెనీలన్నీ దీన్నే వాడుతున్నాయి!" అతని గొంతు లేచింది.

"మా గదిలోనూ ఉంది, అందరూ దాని కోసమే ఎగబడే కాటా. మొన్న పది గ్రాములు అటూ ఇటూ చూపిస్తే దానికీ చీటీ కట్టేశా."

జేబులోంచి ఎర్రచీటీ తీసి ప్రశ్నల కట్ట మీద పెట్టింది. ఇక అట్టపెట్టెలు కూడా దక్కవేమో!

అతను చీటీ చదివాడు. 'సరిచూసేదాకా వాడరాదు.' తర్వాత బదిలీ కాగితం సొరుగులోకి తోసి, తన కలం ఆవిడ ముందుకు జరిపాడు.

"సంతకం లేకపోతే చీటీ చెల్లదు కదమ్మా."

గబగబా సంతకం గీకేసి చీటీ అతని వైపు తోసింది.

"తేదీ?" అన్నాడతను.