దెబ్బకి ముందు క్షణం

మా ఇంట్లో దెబ్బకి ముందు ఒక క్షణం ఉండేది. నాన్న చెయ్యి లేచింది, ఇంకా దిగలేదు. ఆ లోపలే అమ్మ భుజాలు చెవుల దాకా వచ్చేసేవి, కళ్లు గట్టిగా మూసుకుపోయేవి, మోచేతులు మొహానికి అడ్డం పడేవి. నాకూ అంతే. ఎవరూ నేర్పలేదు, ఒళ్లే నేర్చుకుంది. దానికొక పేరుందని నాకు డిగ్రీ అయ్యేదాకా తెలియదు. పలాసలో బ్యాంకు పరీక్షల కోచింగుకి వెళ్లాక తెలిసింది.

మాది ఉద్దానం. నాన్నకి కొబ్బరితోట ఉంది, ఊళ్లో మాట చెల్లుతుంది, బయట అందరితో నవ్వుతూ మాట్లాడతాడు. ఆ నవ్వు మా గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు. కూరలో ఉప్పు ఎక్కువైతే ముందు కంచం గోడకి తగిలేది, ఆ తర్వాత అమ్మ. ఒకసారి చెవి మీద కొట్టిన దెబ్బకి అమ్మకి రక్తం కారింది. ఆ చెవి ఇప్పటికీ సరిగా వినపడదు. చుట్టాలు అడిగితే గుమ్మం తగిలిందని చెప్పేది. ఆ అబద్ధం విన్నప్పుడల్లా నాకు నాన్న మీద కంటే అమ్మ మీదే ఎక్కువ కోపం వచ్చేది. నా కోపం అలాంటిది, దిక్కుమాలిన కోపం, ఎవరి మీద చూపించాలో దానికే తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. ఉద్యోగం వస్తే అమ్మని తీసుకుని ఆ ఇంట్లోంచి బయటపడొచ్చు. ఆ పరీక్ష తప్ప నాకు వేరే దారి కనిపించలేదు.

కోచింగ్ సెంటర్ ఒక బట్టల కొట్టు మీద, రేకుల షెడ్డులో నడిచేది. టెక్కలి నుంచి వచ్చే ఇంగ్లీషు సారు రోజూ కొన్ని మాటలు బోర్డు మీద రాసి, అర్థం చెప్పి, మర్నాడు మా చేత వాక్యాలు చెప్పించేవాడు. ఒక రోజు రాసిన మాట ‘ఫ్లించ్’. అర్థం చెప్పకుండా డస్టర్ పట్టుకుని బెంచీల మధ్య నడిచాడు. సోంపేట నుంచి వచ్చే ఒక కుర్రాడి మీదికి దాన్ని హఠాత్తుగా ఎత్తాడు. అతను కొంచెం వెనక్కి వాలి నవ్వాడు. తర్వాత నా మీదికి ఎత్తాడు.

నేను బెంచీ కింద ఉన్నాను. ఎప్పుడు దూరానో నాకే తెలియదు. రెండు చేతులూ తల మీద, మోకాళ్లు నేల మీద, సంచీ ఒక పక్క, క్యారేజీ మూత ఒక పక్క. క్లాసంతా గొల్లున నవ్వింది.

“ఇదీ ఫ్లించ్ అంటే,” అన్నాడు సారు. ఆయనా నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. “సారీ అమ్మా, లేచి కూర్చో.”

ఆ డస్టర్ లాక్కుని ఆయన మొహాన కొడదామనిపించింది. క్యారేజీ మూత ఏరుకుని కూర్చున్నాను. సారు బోర్డు వైపు తిరిగి మిగతాది చెప్పాడు. దెబ్బ తగలబోతోందని ఒళ్లు తనంతట తాను వెనక్కి లాక్కోవడం ఫ్లించ్. అయితే ఈ మాటని ఎక్కువగా ‘లేదు’తో కలిపి వాడతారట. సైనికుడు ఫ్లించ్ అవలేదు. సూది గుచ్చినా పాప ఫ్లించ్ అవలేదు. అంటే అలా చెయ్యనివాళ్లని మెచ్చుకోవడానికే ఈ మాట పనికొస్తుందన్నమాట. తిరిగి వస్తూ బస్సులో అదే ఆలోచించాను. ఆ మెచ్చుకోలులోకి అమ్మా నేనూ రాము. నాకు ఒళ్లు మండింది. ఈసారి నాన్న చెయ్యెత్తితే కన్ను కూడా ఆర్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఒట్టు ఆ సాయంత్రమే అక్కరకొచ్చింది. నాన్న తోటలో కాయలు దింపిస్తున్నాడు. చెట్లెక్కే మనుషులకి మా ఇంట్లోనే భోజనం. బస్సు ఆలస్యమై నేను వచ్చేసరికి అమ్మ ఒక్కతే పొయ్యి దగ్గర అవస్థ పడుతోంది, అన్నం ఇంకా ఉడకలేదు. మనుషులు పెరట్లో కూర్చుని ఎదురుచూస్తున్నారు. వాళ్ల ముందు నాన్నకి తల కొట్టేసినట్టయింది. వాళ్లు తిని వెళ్లేదాకా పళ్లు బిగబట్టుకుని ఉన్నాడు. తర్వాత పెరట్లో పడున్న కొబ్బరి మట్ట ఒకటి అందుకున్నాడు.

“రేపట్నించి కోచింగూ నేదు, గీచింగూ నేదు. ఇంట్లో పడుండు,” అన్నాడు.

“ఎల్తాను,” అన్నాను.

“ఏటన్నావు?”

“ఎల్తానన్నాను. పరీచ్చ రాత్తాను.”

మట్ట లేచింది. నేను ఫ్లించ్ అవలేదు. చేతులు కిందికే ఉంచాను, కళ్లు తెరిచే ఉంచాను, సూటిగా ఆయన్నే చూశాను. సారు చెప్పిన వాక్యాల్లో అయితే కథ అక్కడితో అయిపోతుంది. ఇక్కడ మట్ట వచ్చి భుజం మీద పడింది. కళ్లలోకి చూసినందుకు ఇంకొకటి మెడ మీద పడింది. తర్వాతి దానికి పెదవి చిట్లి నోరంతా రక్తమైంది.

“సూత్తన్నావేటే? నన్నే సూత్తన్నావేటే?” అంటూ కొట్టాడు. నేను గోడకి జారి కింద పడ్డాను. పడ్డాక కూడా కొట్టాడు.

అప్పుడు అమ్మ వచ్చింది. గుండె నిబ్బరంతో వచ్చిందని రాస్తే అబద్ధమవుతుంది. కళ్లు గట్టిగా మూసుకుని, మోచేతులు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు చెవుల దాకా ఎత్తుకుని, కాళ్లతో దారి తడుముకుంటూ వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడింది. మట్ట లేచిన ప్రతిసారీ ఒళ్లంతా ముడుచుకునేది. దెబ్బ పడేది. మట్ట మళ్లీ లేచేది, అమ్మ మళ్లీ ముడుచుకునేది. ఒక దెబ్బకి ముంజేతిలో ఎముక టప్పుమంది. కింద పడున్న నాకు వినిపించింది.

“ఎల్తాది,” అంది అమ్మ, కళ్లు తెరవకుండానే. “గుంట కోచింగుకి ఎల్తాది. ముందు నన్ను సంపీసి అప్పుడాపు.”

అమ్మ నాన్నకి ఎదురు చెప్పగా వినడం నాకదే మొదలు. మట్ట విరిగేదాకా కొట్టాడు. విరిగాక చేతిలో మిగిలిన ముక్కని పారేసి బయటికి వెళ్లిపోయాడు. అమ్మ మాత్రం అలాగే, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

“ఎల్లిపోనాడేటి?” అని అడిగింది నన్ను. వెళ్లిపోయాడని చెప్పాకే కళ్లు తెరిచింది.

పొద్దున్న ఇద్దరం ఆటో ఎక్కాం. నాన్న అరుగు మీద కూర్చునే ఉన్నాడు, ఆయన ముందు నుంచే నడిచాం. ఆయన లేవలేదు. పలాస ఆసుపత్రిలో డాక్టరమ్మ చెయ్యి ఎలా విరిగిందని అడిగింది. గుమ్మం తగిలిందంటుందని నేను తల వంచుకున్నాను.

“నా పెనిమిటి కొట్టినాడు,” అంది అమ్మ.

కట్టు కట్టడం పూర్తవుతుండగానే నన్ను తరిమింది. “కళాసుకి టైమైపోతంది. నానిక్కడే కూకుంటాను, నువ్వెల్లు.”

నేను వెళ్లేసరికి సారు వాక్యాలు చెప్పిస్తున్నాడు. వాచిన పెదవితో లేచి నిలబడి, వచ్చిన ఇంగ్లీషులో నా వాక్యం చెప్పాను. మా అమ్మ ఫ్లించ్ అయింది, కానీ పక్కకి తప్పుకోలేదు.

“ఆ రెండూ కలవవమ్మా,” అన్నాడు సారు. “తప్పుకోలేదంటే ఫ్లించ్ అవలేదనే చెప్పాలి. మళ్లీ చెప్పు.”

“అయింది సార్,” అన్నాను. “ప్రతి దెబ్బకీ అయింది. తప్పుకోలేదు.”