అమ్మ చెప్పిన నా జబ్బు

జ్వరం లేదు, నొప్పి లేదు. అయినా పొద్దున్నే లేవాలంటే రోజంతా కాఫీ బస్తాలు మోసినంత నీరసం. విశాఖలో డిగ్రీ చివరి ఏడాది మధ్యలో వదిలేసి కొండమీద మా ఊరికొచ్చేశాను. అమ్మ కొన్నాళ్లు చూసింది, ఊళ్లో మంత్రం వేసే గురువు చేత కోడిని కోయించింది, చివరికి అరకు ఆసుపత్రికి తీసుకెళ్లింది.

నన్ను చిన్నప్పుడే ఆశ్రమ పాఠశాల హాస్టల్లో వేశారు. అక్కడ మా భాష మాట్లాడితే గోడకుర్చీ వేయించేవారు. తెలుగు బాగానే వచ్చింది, మార్కులూ వచ్చాయి. ఇప్పుడు ఊళ్లో వదినలు పాట అందుకుంటే సగం మాటలు నాకు తెలియవు. విశాఖలోనేమో నాది అరకని తెలియగానే మా కొండ నాట్యం ధింసా ఆడమంటారు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. నామీద జాలిపడేవాళ్లన్నా నాకు విసుగే.

డాక్టరమ్మ మైదానం మనిషి, నెమ్మదస్తురాలు. ఎలా ఉంటోందో చెప్పమని నన్నడిగింది. నోరు తెరవబోతే అమ్మ మోచేత్తో పొడిచింది. మా ఊళ్లో జబ్బుమనిషి తన జబ్బు తాను చెప్పుకోకూడదు. గురువు ముందు ఇంటివాళ్లే చెప్తారు, రోగి తల వంచుకుని కూర్చోవాలి. ఇక్కడా అదే పద్ధతనుకుని అమ్మ మా భాషలో మొదలుపెట్టింది. అమ్మకు సంతలో బేరానికి సరిపడా తెలుగే వచ్చు. డాక్టరమ్మకు మా భాష రాదు. ఇద్దరి మధ్యా మాట చేరవేయాల్సింది రోగే. నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు.

తిండి తినదట, పొద్దెక్కినా లేవదట అని నా గురించి నేనే చెప్పాను. తర్వాత అమ్మ గొంతు తగ్గించింది.

"నిద్దట్లో భయపడి అరుత్తాది. తెలుగులో అరుత్తాది. ఏటంటందో నాకు తెలీదు. ఊరికే వీపు నిమురుతాను."

ఆ సంగతి నాకే తెలియదు. అమ్మ ఏమంటోందని డాక్టరమ్మ మళ్లీ అడగాల్సి వచ్చింది. ఏడుస్తూ చెప్పాను. మందులు రాసి, మళ్లీ రమ్మంది.

బయట బస్సు కోసం కూర్చున్నాం. నన్ను హాస్టల్‌కి పంపినందుకు అమ్మ మీద ఎప్పటినుంచో కోపం. ఇవాళైనా అడిగేద్దామనుకున్నాను. ఈలోగా అమ్మే మా భాషలో అడిగింది.

"భయపడకు, నేనున్నాను అని తెలుగులో ఎలాగనాలి? నేర్పు. ఈసారి అరిస్తే అంటాను."

ఒక్కో మాటా విడదీసి చెప్పాను. ఇన్నేళ్ల తెలుగులో ఆ మాట నాతో ఎవరూ అనలేదు. అమ్మ నా నోటివంకే చూస్తూ, తప్పుతూ, మళ్లీ మళ్లీ పలికింది.