మావయ్య కనిపెట్టిన కొత్త జాతి

మొన్న గవర్నర్‌పేటలో కళ్లజోడు మార్పించుకోవడానికి వెళ్తే, షాపులో ఏసీ కింద ఒక చిన్న పామ్ మొక్క కనిపించింది. నడుమెత్తు కూడా లేదు. వేలంత సన్నటి కాండం, ఈకల్లా రెండు వైపులా పరుచుకున్న ఆకులు. కుండీ మీద ఎవరో ‘అరెకా’ అని చీటీ అంటించారు. నోరు ఊరుకోదు కదా, కౌంటర్లో అమ్మాయితో “ఇది అరెకా కాదమ్మా, కమిడోరియా ఎలిగాన్స్. మెక్సికో వైపు వానల అడవుల్లో పెద్ద చెట్ల నీడన బతుకుతుంది. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు” అన్నాను. గోళ్లలో గ్రీజున్న మనిషి నోట్లోంచి లాటిన్ ఊడిపడేసరికి ఆ అమ్మాయి నా వైపు అనుమానంగా చూసి, “మీకు చూపు దగ్గరది ఆనట్లేదా, దూరందా అండీ?” అంది. మొక్కలు బాగానే ఆనుతున్నాయమ్మా, పేపరే ఆనట్లేదన్నాను.

నేను ఎనిమిదో తరగతిలోనే బడికి సెలవు పెట్టి ఆటోనగర్లో ఇంజన్ల కింద దూరినవాణ్ణి. ఆ సెలవు ఇంకా పూర్తవలేదు. ఈ లాటిన్ నాకు మా మావయ్య వల్ల అంటుకుంది. అమ్మకి తమ్ముడు, బోటనీ లెక్చరర్‌గా చేసి రిటైరై గుణదలలో ఉంటున్నారు. ఆయన సొంత విద్య నాచు. వాన పడ్డాక డాబా మీద నాచుకి జారి పడితే మనం తిట్టుకుంటూ లేస్తాం. ఆయన లేవడం మానేసి దాని పేరు చెబుతారు. రిటైరయ్యాక ఇంట్లో ఉన్న మొక్కలన్నిటి మీదా తెలుగులో ఒక పుస్తకం రాయడం మొదలెట్టారు. ఒక్కో మొక్కకి ఒక్కో పేజీ, ముత్యాల్లాంటి చేతిరాత, పక్కన పెన్సిల్ బొమ్మ. పాత విద్యార్థులంతా కలిసి దాన్ని బైండు చేయించి, ఆయన పాఠాలు చెప్పిన కాలేజీలోనే ఒక ఆదివారం పూట విడుదల చేద్దామని ముహూర్తం పెట్టారు. ఇది మూడేళ్ల కిందటి మాట. అన్ని పేజీలూ అయ్యాయి, ఒక్కటి తప్ప.

ఆదివారానికి ఇంకా నాలుగు రోజులుందనగా ఫోను చేశారు. “ఒరే, నీ వెర్నియర్ పట్టుకుని రా. స్కేలుతో కొలిస్తే సైన్సు కాదు.” బేరింగులు కొలిచే పనిముట్టుని తుడిచి, చొక్కా మార్చుకుని వెళ్లాను. వెనక వరండాలో, తడిపిన గోనెపట్టాల మధ్య, రాజుగారిలా కూర్చుని ఉంది, పేజీ మిగిలిపోయిన ఆ పామ్ గుబురు. ఎప్పుడూ తేమలో బతకాల్సిన మొక్క కదా, రోహిణి కార్తెలో మాకు కూలర్ ఉన్నా లేకపోయినా దానికి గోనెపట్టా ఆరకూడదు. పద్నాలుగేళ్లుగా దాని కుండీని ఎవరూ అంగుళం జరపలేదు. నేను కాండాలు కొలుస్తుంటే ఆయన రాసుకున్నారు: పన్నెండు మిల్లీమీటర్లు, పదకొండు, పదమూడు, వెదురులా కణుపుల గుర్తులు, ఆకుకి ఒక్కో వైపు పద్నాలుగు చిన్నాకులు, ఆవగింజల్లాంటి పసుపు పూలు, బఠాణీ అంత నల్లటి కాయ, దాన్ని మోసే కాడ మాత్రం నారింజ రంగు.

తర్వాత వంటింటి వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు. “ఇది కొత్త జాతిరా. ఎవరూ చూడనిది.” ఈ రకం పామ్‌లలో మగ పూలు ఒక మొక్కకి, ఆడ పూలు ఇంకో మొక్కకి పూస్తాయట. ఈ ఒక్క మొక్క మాత్రం రెండూ పూస్తోంది, కాయా కాస్తోంది. ఏ పుస్తకంలోనూ లేదు. “ఆదివారం అందరి ముందూ ప్రకటిస్తా. దానికి మీ అత్తయ్య పేరు పెడుతున్నా. లాటిన్లో. తనకి చెప్పావంటే తోలు తీస్తా.” డెబ్బై అయిదేళ్ల మనిషి చెవులు ఎర్రబడ్డాయి. ఆ ముఖం చూశాక వెర్నియర్ సర్దుకుని వచ్చేయాల్సింది. కానీ మెకానిక్ బుద్ధి కదా.

మొక్కని గుర్తుపట్టడానికి వాళ్లకి ‘కీ’ అని ఒకటి ఉంటుంది. ప్రతి మెట్టు దగ్గరా రెండే దారులు. ఒంటి కాండమా, గుబురా? ఆకు చీలిందా, లేదా? మా ఆటోనగర్ స్పేర్‌పార్టుల కౌంటరు వాడూ ఇలాగే అడుగుతాడు, పెట్రోలా డీజిలా, పాత మోడలా కొత్తదా అని. మొదటి ప్రశ్నకి తప్పు చెప్పామా, చివరికి పరాయి బండి పార్టు పట్టుకుని ఇంటికొస్తాం. అందుకే అడిగాను.

“మావయ్యా, ఇవన్నీ ఒకే మొక్క అని ఎలా తెలుసు?”

“గుబురు కనపడట్లేదా? కింద మొదలు ఒకటే.”

“విప్పి చూశారా?”

“ఇది ఇంజనట్రా విప్పడానికి!”

“ఇంజనైనా నయం, లోపల ఏముందో బయట నంబరుంటుంది.”

ఆయనకి కోపం వచ్చింది. లేచి వరండా చివరిదాకా వెళ్లారు, మళ్లీ వచ్చారు. విప్పితే మొక్క బెదరొచ్చు. విప్పితే కొత్త జాతే పోవచ్చు. విప్పకపోతే ఆదివారం ఏం చెప్పినా కాదనేవాడు లేడు. చాలాసేపు ఆ నల్లటి కాయల్నే చూశారు. తర్వాత ఆయనే పాత పేపర్లు తెచ్చి నేలమీద పరిచి, “విప్పు” అన్నారు. క్లాసులో పిల్లల చేత ఎన్నేళ్లు మొక్కలు కోయించి చూపించారో, ఆ గొంతుతోనే అన్నారు. ఆ ఒక్క మాటకి మావయ్యంటే నాకున్న గౌరవం రెట్టింపైంది. నేనూ అలాగే, ఇంజన్ హెడ్డు ఎత్తినంత జాగ్రత్తగా, కుండీని పక్కకి పడుకోబెట్టి చుట్టూ తట్టాను. మట్టిముద్ద జారింది. వేళ్లు నీళ్లలో నానబెట్టి ఒక్కొక్కటే విడదీస్తుంటే, గుబురు అయిదుగా విడిపోయింది. అయిదు మొదళ్లు. అయిదింటికీ నర్సరీ నల్ల కవర్ల పీలికలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే అత్తయ్య కాఫీ గ్లాసులతో వచ్చింది. “అయ్యో, విడదీసేశారా? ఎంత కష్టపడి కూర్చానో!”

“నువ్వు కూర్చావా?” అన్నారు మావయ్య, పేపరు మీదే చతికిలబడి.

“మరి? మీరు వాల్తేరులో నాచు మీటింగుకి వెళ్లినప్పుడు అయిదు పిల్లమొక్కలు కొన్నాను. కుండీ ఒకటే ఉంది. అన్నీ అందులో గుచ్చా.”

“ఇన్నేళ్లూ చెప్పలేదేం?”

“మీరు అడిగారా? పైగా సంచీ కింద పెట్టకుండానే, ‘అబ్బ, ఎంత గుబురుగా ఉందోయ్ ఈ మొక్క’ అన్నారు. నేను తెచ్చినదాన్ని మీరు మెచ్చుకోవడం అదే మొదలు. చెడగొట్టుకోవడం ఎందుకని ఊరుకున్నా.”

నాకు నవ్వాగలేదు. చివరికి ఆయనా నవ్వారు, కాఫీ ఒలికేలా. ఒంటి కాండం అని మొదటి మెట్టు మార్చి మళ్లీ ‘కీ’ పట్టుకుంటే, పది నిమిషాల్లో పేరు దొరికింది. ప్రపంచమంతా హాళ్లలో పెట్టుకునే మొక్క. మూడు మగవి, రెండు ఆడవి. అప్పుడు నేను తోలు సంగతి మర్చిపోయి, అత్తయ్యకి లాటిన్ పేరు సంగతి చెప్పేశాను. ఆవిడ వంగి ఒక మొక్కని చేతిలోకి తీసుకుంది. తర్వాత కొంగుతో మట్టి తుడుస్తూ, “లాటిన్లో ఎందుకండీ, ముందు తెలుగులో పిలవండి. పెళ్లయిన దగ్గర్నుంచీ ‘ఇదిగో’, ‘ఏమోయ్’ తప్ప మీ నోట నా పేరు విన్లేదు” అంది. మావయ్య గొంతు సవరించుకున్నారు. నా వైపు చూశారు. నేను వెర్నియర్‌ని శ్రద్ధగా పరీక్షించడం మొదలెట్టాను. అప్పుడు పిలిచారు, పూర్తి పేరు, రికార్డులో రాసినట్టు. ఆ పేరు నేనిక్కడ రాయను, అది ఆయన కష్టపడి సంపాదించుకున్నది.

ఆదివారం కాలేజీలో కొత్త జాతి లేదు. తను ఎలా బోర్లా పడ్డారో చెప్పి, ఆయన హాలంతా నవ్వించారు. ఆఖరి పేజీలో కమిడోరియా ఎలిగాన్స్ అని, దాని కింద ‘ఒంటి కాండపు మొక్క; నాటినవారు’ అని అత్తయ్య పేరు. అయిదింటిలో ఒక మగ మొక్క నాకిచ్చారు. ఆటోనగర్లో నా షెడ్డు నీడన, తడి గోనెపట్టా పక్కన ఉంది. మూడేళ్లలో బెత్తెడు పెరిగింది, అంతే. చూసినవాళ్లు ఇదేం నత్తనడకయ్యా అంటారు. భార్యని పేరు పెట్టి పిలవడానికి నలభై ఆరేళ్లు పట్టిన మనిషిని చూశాను కనక, నాకది పరుగెడుతున్నట్టే ఉంటుంది.