వెనక తలుపు

మా బావకు ‘లేదు’ అనే మాట రాదు. అది పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, హార్డ్‌వేర్ కొట్టు అంటించింది. ముప్పయ్యేళ్లు ఆయన గల్లా దగ్గర కూర్చుంటే నేను పైపులు సర్దాను. ఎవరైనా వచ్చి మా దగ్గర లేని కుళాయి అడిగితే, బావ బల్ల చూపించి కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చేవాడు. ఈలోగా నేను వెనక తలుపులోంచి సందులోకి పోయి, పక్క కొట్లో అదే కుళాయి అడిగి పట్టుకొచ్చేవాణ్ణి. వాళ్లూ మా దగ్గరికి అలాగే వచ్చేవాళ్లు. వీధిలో నలభై కొట్లూ ఆ సందు మీదే బతికాయి.

కాదనని మనిషని ఆ వీధే ఆయన్ని ఎన్నికల్లో నిలబెట్టి గెలిపించింది. ఎమ్మెల్యే అయ్యాక కూడా, పింఛను అడిగినా బడికి గోడ అడిగినా, “రేపు రండి, తెప్పిస్తాను” అనేవాడు. పాపం, శాసనసభకు వెనక తలుపు లేదు.

మూడో ఏడు పాత రోడ్లు వెడల్పు చేసే బిల్లు వచ్చింది. అది నెగ్గితే మా వీధిలో ఒక్క కొట్టూ మిగలదు. అందరూ మా కొట్లోకి వచ్చారు.

“అడ్డుకుంటావుగా?” అని పక్క కొట్టు పెద్దాయన అడిగాడు.

బావ తలూపాడు. ఆ ఊపుడు నాకు తెలుసు. అప్పుడే భయం వేసింది.

ఓటింగు రోజు నేను సందర్శకుల గ్యాలరీలో ఉన్నాను. ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తాలన్నారు. పార్టీ పెద్ద వెనక్కి తిరిగి చూశాడు. బావ చెయ్యి లేచింది.

“ఎందుకెత్తావు బావా?” అన్నాను కారులో.

“ఆయన అడిగాడురా.”

“మన వీధివాళ్లూ అడిగారు కదా.”

“వాళ్లకీ సరేనన్నానుగా,” అని నిమ్మకు నీరెత్తినట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నాకు కోపం రావలసింది. రాలేదు. ఏడుపూ రాలేదు.

కొట్లు కూల్చిన మర్నాడు బావ వచ్చాడు. గోడలన్నీ పోయి మా వెనక తలుపు చట్రం ఒక్కటే నిలబడి ఉంది. ఎవరో ఒకావిడ సంచీ పట్టుకుని వచ్చి, అరంగుళం కుళాయి ఉందా అని అడిగింది.

“కూర్చోండమ్మా,” అన్నాడు బావ, బల్ల ఉండే చోటు చూపిస్తూ. వెళ్లి తెమ్మన్నట్టు నా వైపు తిరిగాడు.

నా కాళ్లు కదిలాయి కూడా. చట్రం దాటి చూస్తే పక్క కొట్టు లేదు, సందూ లేదు. పెద్దాయన ఇటుకల మీద ఊరికే కూర్చుని ఉన్నాడు.

“లేదమ్మా,” అన్నాను.

నేనేదో బూతు మాట అన్నట్టు బావ నా వైపు చూశాడు.