చుక్కల పుట్టిళ్లు

మా అమ్మాయి కాలేజీలో నక్షత్రాల గురించి చదువుతోంది. టెల్కో కాలనీలోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో, యవ్వనస్థుల కూడికకు దాన్ని మాట్లాడమన్నారు. సృష్టి గురించి వేరే కథ చెబుతోందని పెద్దలు నొచ్చుకుని మళ్లీ పిలవరేమోనని నాకు గుబులు.

అది లేచి మొదలుపెట్టింది. పాలపుంత చుట్టూ పలచగా పరుచుకున్న చుక్కల్లో చాలావరకు ఇక్కడ పుట్టినవి కావట. చిన్న గెలాక్సీలు వచ్చి ఇందులో కలిసినప్పుడు వచ్చాయట.

మా సంఘ పెద్ద చెయ్యెత్తారు. “ఏటమ్మా, అన్నీ కలిసిపోయాక ఏది ఎక్కడిదో ఎలగ తెలుత్తాది?”

“కదిలే తీరును బట్టి తాతయ్యా. మన సంఘం కూడా మూడు చోట్ల వాళ్లు కలిస్తేనే కదా అయింది. ఇందాక ప్రార్థనలో చూశాను. బాగ్‌బేరా వాళ్లు మోకరించారు, గమ్హరియా వాళ్లు లేచి చేతులెత్తారు, టెల్కో వాళ్లం కూర్చుని తల వంచాం.”

“ప్రార్థనలో కళ్లు తెరిచావేటి?”

“కొంచెం తాతయ్యా.”

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. “నానూ బాగ్‌బేరా వోణ్ణే. కూకునే ప్రార్థన చేశాను. మరి నీ లెక్క తప్పే కదా?”

నేను లోలోపల ప్రభువును పిలుచుకున్నాను.

“కొన్ని చుక్కల దారి మధ్యలో మారిపోతుంది తాతయ్యా. అప్పుడు అవి దేనితో తయారయ్యాయో కూడా చూస్తారు. మోకాళ్ల నొప్పితో మీ దారి మారింది గానీ, మీరు నోరు విప్పితే బాగ్‌బేరా అని ఇట్టే తెలిసిపోతుంది.”

ఈసారి ఆయనా నవ్వేశారు.

“వచ్చే ఆదివారం మిగతాది చెప్పమ్మా. ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని రా.”