సముద్రానికి వీపు పెట్టి

సువార్తరావు దోహాలో ట్రావెల్ ఆఫీసు ఉద్యోగి. కంపెనీల స్టాఫును గుంపులుగా అలెగ్జాండ్రియా టూరుకు పంపడం అతని డ్యూటీ. అక్కడి సముద్రాన్నీ, కోటనీ అతను ఫోనులో వర్ణిస్తుంటే వినేవాళ్ళు అప్పుడే పెట్టె సర్దుకునేవాళ్ళు. తను మాత్రం ఆ ఊరు చూసిన పాపాన పోలేదు.

ఈసారి గైడు జ్వరంతో పడుకున్నాడు. "యల్లా, పద, నువ్వే వెళ్ళు," అన్నాడు మేనేజరు.

అక్కడ ఉన్నన్ని రోజులూ సువార్తరావు టూరు జెండా పైకెత్తి, జనం వైపు తిరిగి, తలలు లెక్కపెట్టుకుంటూ వెనక్కి వెనక్కి నడిచాడు. సముద్రమూ కోటా అతని వీపు వెనకే ఉండిపోయాయి.

తిరిగొచ్చి దోహాలోని అల్ ఘర్రాఫా పేటలో ఇంటికి చేరగానే భార్య దేవకుమారి ఆత్రంగా అడిగింది.

"ఊరెలా ఉందండీ?"

బూట్లు విప్పుతూ చెప్పాడు సువార్తరావు.

"ఒక్కరు కూడా తప్పిపోలేదు. దేవునికి స్తోత్రం."