లీటరుకు పదిన్నర

సేల్స్‌మన్ తాళంచెవి అందించబోతే జాన్ పాల్ రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"మీరే నడపండి. నేను పక్కన కూర్చుని మీటర్ చూస్తాను. నాక్కావలసింది మైలేజీ," అన్నాడు.

రింగు రోడ్డు మీద మూడు కిలోమీటర్లు పోయి తిరిగొచ్చారు. బండి ఎత్తుగా, నిబ్బరంగా ఉంది. దిగాక జాన్ పాల్ జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీశాడు. "కంపెనీ పద్దెనిమిది అంటోంది. మా రోడ్లో పదమూడు దాటదండీ. ఆలోచించుకుని చెబుతాను," అన్నాడు. అలా ఆలోచించుకుని చెబుతానన్న షోరూముల్లో అది ఐదోది.

జాన్ పాల్‌కి నలభై ఆరేళ్ళు. ఇల్లు గుణదలలో, కొండ కింద వీధిలో. ఉద్యోగం మాత్రం పామర్రు దాటి ఆరు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే పల్లెలో, హైస్కూల్లో లెక్కల మాస్టారు. రానూ పోనూ తొంభై కిలోమీటర్లు. పదకొండేళ్ళు ఒక చిన్న పెట్రోలు కారులో తిరిగాడు. కిందటి సెప్టెంబరులో ఉన్నట్టుండి దాన్ని అమ్మేశాడు. పాతబడిపోయిందనీ, ఈసారి మన రోడ్లకి తగ్గట్టు ఎత్తైన ఎస్‌యూవీ తీసుకుందామనీ భార్యతో అన్నాడు. ఆవిడ పేరు స్టెల్లా, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. మంచి మాటే కదా అనుకుంది.

అప్పట్నుంచి బస్సే. తెల్లారి ఆరింటికి ఇల్లు కదలడం, బందరు బస్సు పట్టుకుని పామర్రులో దిగడం, అక్కడ షేర్ ఆటో. ఇంటికి చేరేసరికి ఏడున్నర. స్టాఫ్ రూములో, చర్చి దగ్గర, వీధిలో ఎవరు అడిగినా ఒకటే జవాబు: "మైలేజీ కుదరాలి కదండీ." లెక్కల మాస్టారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ లెక్క తప్పూ కాదు. రోజుకి తొంభై కిలోమీటర్లు తిరిగేవాడికి పన్నెండు ఇచ్చే బండికీ పద్దెనిమిది ఇచ్చే బండికీ నెల తిరిగేసరికి అరవై లీటర్ల తేడా. బరువు బండి ఎంత తాగుతుంది, ఏసీ వేస్తే ఎంత పడిపోతుంది, డీజిలా పెట్రోలా, అన్నీ పుస్తకంలో ఉన్నాయి. రాసినవన్నీ నిజాలే. రాయనిది మాత్రం ఒకటుంది.

ఆగస్టులో ఒక సాయంత్రం. మధ్యాహ్నం నుంచి వాన కొట్టి అప్పుడే తెరిపిచ్చింది. బడి వదిలాక కాలవ గట్టు మీద పామర్రు వైపు వస్తున్నాడు. ఎడమ పక్కన కాలవ, కుడి పక్కన చేలు, మధ్యలో కారూ ఆటో ఒరుసుకుపోయేంత రోడ్డు. ఎదురుగా నారు కట్టలు వేసుకుని ట్రాక్టర్ వస్తోంది. దారి ఇద్దామని కాస్త ఎడమకి తీశాడు. నానిన నల్లమట్టి ఒక్కసారి కిందికి జారింది.

కారు పక్కకి ఒరిగి, ముక్కు కిందికి పెట్టి ఆగింది. ముందు ఎడమ చక్రం గాల్లో తిరుగుతోంది. అద్దంలోంచి ఆకాశం కనపడలేదు, రోడ్డు కనపడలేదు, ఎర్రటి నీళ్ళు కనిపించాయి. గుర్రపుడెక్క మొక్క ఒకటి మెల్లగా తిరుగుతూ పోతోంది. జాన్ పాల్ ఊపిరి పీలిస్తే కారు కదిలింది. వదిలితే కదిలింది. తలుపు తీద్దామంటే చెయ్యి రాలేదు. మరియ తల్లి ప్రార్థన మొదలుపెట్టి, పుట్టినప్పట్నుంచి చెబుతున్న ప్రార్థనలో రెండో మాట మర్చిపోయాడు.

ట్రాక్టర్ మీదివాళ్ళు పరుగెత్తుకొచ్చి, వెనక డిక్కీ మీద ముగ్గురు కూర్చుని, మోకు కట్టి లాగారు. అంతా కలిపి పది నిమిషాలు. "కాస్తలో తప్పింది మాస్టారూ," అని ఒకాయన నవ్వాడు. జాన్ పాల్ కూడా నవ్వాడు. ఇంటికెళ్ళి, బంపరుకి గేదె గుద్దిందని చెప్పాడు.

మర్నాడు గట్టు మొదట్లోకి వచ్చేసరికి కాళ్ళు బిగుసుకుపోయాయి. కారు పామర్రులోనే ఒక కొట్టు ముందు పెట్టి ఆటో ఎక్కాడు. నాలుగో రోజున హైవే మీద, కంకిపాడు దగ్గర, లారీ ఒకటి పక్కనుంచి దాటితే అరచేతులు స్టీరింగు మీద జారిపోయేంతగా చెమట పట్టింది. రెండు వారాలకి కారు అమ్మేశాడు. ఆటోలో కూడా గట్టు మీదికి రాగానే కళ్ళు మూసుకునేవాడు. పక్కన కూర్చున్న పిల్లలు, మాస్టారికి నిద్ర చాల్లేదనుకుని గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు.

ఐదు షోరూములు అయ్యాక స్టెల్లాకి విసుగొచ్చింది. తనే ఆటోనగర్ వెళ్ళి నాగులుతో మాట్లాడింది. నాగులు వాళ్ళ పాత కారుకి పదకొండేళ్ళూ రిపేర్లు చేసిన మెకానిక్. సముద్రం పక్క ఊరివాడు, వేటకి వెళ్ళే కుటుంబంలో పుట్టి ఇంజన్లలోకి వచ్చాడు. అతని షెడ్డులో అమ్మకానికి వచ్చిన డీజిల్ ఎస్‌యూవీ ఒకటుంది. జాన్ పాల్‌ని వెంటబెట్టుకుని వెళ్ళి దాన్ని చూపించింది.

"మూడు రోజులు ఉంచుకోండి సార్," అన్నాడు నాగులు. "మీ రూట్లోనే తిప్పండి. పొద్దున ట్యాంకు నిండా కొట్టించండి, సాయంత్రం అదే బంకులో మళ్ళీ నిండా కొట్టించండి. పట్టిన డీజిలుతో తిరిగిన కిలోమీటర్లని భాగించండి. కంపెనీ మాటా వద్దు, నా మాటా వద్దు."

స్టెల్లా పక్కనే ఉంది. జాన్ పాల్ తాళంచెవి తీసుకోక తప్పలేదు.

మర్నాడు తెల్లవారి ఐదున్నరకే బయల్దేరాడు, రోడ్డు ఖాళీగా ఉంటుందని. ఖాళీగా ఏం లేదు. బెంజి సర్కిల్ దాటేసరికే చొక్కా వీపుకి అంటుకుపోయింది. బండి ఎత్తు మీద కూర్చుంటే ధైర్యం వస్తుందని అందరూ చెప్పారు. అతనికి మాత్రం పడితే ఎంత ఎత్తునుంచి పడతానో అనిపించింది. ఉయ్యూరు దాకా ఒక కొబ్బరికాయల లారీ వెనకే, దాన్ని దాటే ధైర్యం లేక, నలభై దాటకుండా నడిపాడు. వెనకవాళ్ళు హారన్లు కొడుతుంటే బ్రేకు నొక్కేవాడు. ముందు ఖాళీ కనిపిస్తే వెనకవాళ్ళ భయానికి ఒక్కసారి తొక్కేవాడు, మళ్ళీ బ్రేకు.

పామర్రులో హైవే దిగాక బండి పక్కకి ఆపి పావుగంట కూర్చున్నాడు. గట్టు ఎక్కాడు. వెళ్ళేటప్పుడు కాలవ కుడి పక్కకి వస్తుంది, అటు చూడకుండా మెడ బిగించి పెట్టుకున్నాడు. రెండో గేరు దాటలేదు. ఆరు కిలోమీటర్లకి అరగంట పట్టింది. సాయంత్రం వచ్చేటప్పుడు కాలవ ఎడమ పక్కకి వచ్చింది. మట్టి జారిన చోట ఇప్పుడు కొత్తగా కంకర పోసి ఉంది. అక్కడ బండి ఆగిపోయింది. ఆపానని అతనికి తెలియలేదు. వెనక మోటారు సైకిలాయన దిగొచ్చి అద్దం మీద కొడితే గానీ కదల్లేదు.

సాయంత్రం బంకులో నింపించి లెక్క వేశాడు. లీటరుకు పదిన్నర. ఆ అంకె చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇంటికి రాగానే పుస్తకం స్టెల్లా ముందు పెట్టాడు.

"చూశావా? పదిన్నర! ఈ బండితో బతకగలమా?"

స్టెల్లా అంకె కేసీ అతని కేసీ చూసింది. వెంటనే నాగులుకి ఫోన్ చేసింది.

మర్నాడు రెండో శనివారం. ఇద్దరూ పొద్దున్నే బండి తీసుకుని ఆటోనగర్ వెళ్ళారు. పదిన్నర అన్న మాట నాగులు నమ్మలేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి చూశాడు, టైర్లలో గాలి చూశాడు, కింద దూరి చూశాడు. ఏ లోపమూ కనపడలేదు. "మీరు ఇక్కడే ఉండండి సార్," అని బండెక్కి తనే పామర్రు వెళ్ళాడు. గట్టు మీద బడిదాకా పోయి, మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు.

"పద్నాలుగూ ముప్పావు," అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. స్టూలు లాక్కుని జాన్ పాల్ ఎదురుగా కూర్చున్నాడు.

"పొద్దున మీరు తెచ్చినప్పుడు చక్రాల దగ్గర చెయ్యి పెట్టాను సార్. కాలిపోతున్నాయి. గుణదల నుంచి ఇక్కడికి ఎంత దూరం? ఆ కాస్తలోనే బ్రేకు మీద నుంచి కాలు తీసుండరు. బండి బానే ఉంది. మీకేమైంది సార్?"

"ఏం లేదు. కొత్త బండి కదా..."

నాగులు తల అడ్డంగా ఊపాడు. "మా నాన్న పడవ ఒకసారి మొగలో, ఏరు సముద్రంలో కలిసే చోట, తిరగబడింది. ఈదుకుంటూ ఒడ్డుకి వచ్చాడు. ఆ తర్వాత ఆర్నెల్లు ఇంటి ముందు కూర్చుని వల బాగుచేశాడు. వల ఎక్కడా చిరగలేదు సార్. మా అమ్మకి తెలుసు, ఊరుకుంది."

పక్క షెడ్డులో ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు. ఆ మోతలో జాన్ పాల్ మాట మొదట స్టెల్లాకి వినపడలేదు. రెండోసారి చెప్పాడు. ట్రాక్టర్, మట్టి, చక్రం, నీళ్ళు.

"నీళ్ళు ఎంత దూరంలో ఉన్నాయి?" అనడిగింది స్టెల్లా.

"చెయ్యి చాపితే అందేంత."

ఆవిడ పక్కనున్న పాత టైరు మీద కూలబడింది. "గేదె అన్నారు," అంది. "గేదె గుద్దిందన్నారు. నేను మా వార్డంతా చెప్పుకుని నవ్వాను." ఆ మాటతో పాటే ఏడుపొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని కోపంగా అడిగింది: "ఇన్ని నెలలు నా పక్కన కూర్చుని అన్నం తిన్నారు. ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"చెబితే నువ్వు నన్నిక ఆ దారిన వెళ్ళనివ్వవనుకున్నాను. వెళ్ళనివ్వకపోతే బావుండునని కూడా అనుకున్నాను. లెక్కల మాస్టారు కాలవ చూసి భయపడుతున్నాడంటే పిల్లలు ఏమనుకుంటారో అని..."

నాగులే మళ్ళీ మాట కలిపాడు. "ఈ బండి మీకు వద్దు సార్. నాకు బేరం పోయినా పర్లేదు. బరువెక్కువ, బోనెట్ పెద్దది, రోడ్డు అంచు ఎక్కడుందో కనపడదు. కనపడకపోతే భయం ఇంకా పెరుగుతుంది. చిన్న సైజు ఎస్‌యూవీ చూడండి. పెట్రోలుది, తేలిగ్గా ఉండేది, సీటు మీంచి ముందు చక్రం అంచనా తెలిసేది. సక్రమంగా నడిపితే పదహారు ఇస్తుంది."

ఏప్రిల్‌లో అలాంటిదే కొన్నారు. ఆ నెలంతా జాన్ పాల్ పామర్రు దాకా కారులో వెళ్ళి, అక్కడినుంచి ఆటో ఎక్కాడు. స్టెల్లా డ్యూటీ మార్పించుకుని హైవే మీద పది రోజులు పక్కన కూర్చుంది. పేషెంటుకి చెప్పినట్టు చెప్పేది: "ఊపిరి పట్టకండి. వదలండి. లారీ వాడి దారిన వాడు పోతాడు." కొన్ని రోజులు బానే ఉండేది. కొన్ని రోజులు ఏ కారణమూ లేకుండా కంకిపాడులో ఆపేసి, దిగి, తూము పక్కన నిలబడి వాంతి చేసుకునేవాడు.

ఎండాకాలం నీళ్ళు ఆపి కాలవలు కట్టేశారు. బడికి సెలవులిచ్చారు. ఒక ఉదయం ఇద్దరూ గట్టు మీదికి వెళ్ళారు. కంకర పోసిన చోట ఆపమంది స్టెల్లా. ఇద్దరూ దిగి, మెల్లగా కాలవలోకే నడిచారు. అడుగున మట్టి పెంకుల్లా పగిలి ఉంది. అక్కడక్కడ గుంటల్లో కొంగలు నిలబడ్డాయి. జాన్ పాల్ మధ్యలో నిలబడి గట్టు కేసి చూశాడు. రెండు నిలువుల ఎత్తుంటుందేమో. రోజూ కళ్ళు మూసుకున్నప్పుడు కనిపించేది దీనికి పదింతలు.

"ఇంతేనా?" అన్నాడు.

"నీళ్ళుంటే ఇంతే కాదు," అంది స్టెల్లా. ఆవిడ అబద్ధం చెప్పదలుచుకోలేదు.

ఆ సెలవుల్లో ఎండిన కాలవ పక్కన నలభైసార్లు బండి నడిపాడు. భయం పోలేదు. అయితే ఎక్కడ మొదలవుతుందో, ఎంతసేపుంటుందో తెలిసొచ్చింది. కంకర దగ్గర మొదలై తాటిచెట్ల వరస దాటాక సడలేది.

జూన్‌లో బడి తెరిచారు. నెలాఖరులో నీళ్ళు వదిలారు. మొదటిరోజు నురగతో, చెత్తతో, ఎర్రగా వచ్చాయి. ఆ ఉదయం స్టెల్లాకి డ్యూటీ, పక్కన ఎవరూ లేరు. జాన్ పాల్ పామర్రులో ఆటోల దగ్గర బండి ఆపాడు. ఆటో అతను, "రండి మాస్టారూ, ఒక్కరికి చోటుంది," అన్నాడు.

జాన్ పాల్ కాసేపు కూర్చున్నాడు. "మీరు పదండి," అని, అద్దాలన్నీ దించి, గట్టెక్కాడు. నీళ్ళ చప్పుడు లోపలికే వచ్చింది. కుడి పక్కకి చూశాడు. చూసి, వెంటనే రోడ్డు చూశాడు. మళ్ళీ చూశాడు. మధ్యలో మోటారు సైకిళ్ళు దాటుకుపోయాయి, చివరికి ఆ ఆటో కూడా హారన్ కొట్టి దాటిపోయింది. అందులోంచి పిల్లలు చేతులూపారు. స్టీరింగు మీంచి చెయ్యి తీయడానికి ధైర్యం చాలక తల ఊపాడు.

బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయింది. ఫోనులో హాజరు వేసుకోబోతే ముఖం చెమటతో నిండి యాప్ గుర్తుపట్టలేదు. చొక్కా చేత్తో తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. పన్నెండు నిమిషాల ఆలస్యం పడింది. పదో తరగతి గదిలోకి వెళ్ళి, బోర్డు మీద తేదీ వేయడానికి సుద్దముక్క తీశాడు. అంకెలు వంకరగా వచ్చాయి. తుడిచి, మళ్ళీ రాశాడు.